కాలిన మేకులు, కొత్త గడపలు: ఫిన్‌మార్క్‌లో 1946 ఆనవాళ్ళ వెంట

నార్వే చరిత్రలో 1946 గురించి చదివితే అది కొత్త చట్టాలు, కొత్త సంస్థలు పుట్టిన ఏడాదిగా కనిపిస్తుంది. ఫిబ్రవరిలో ఆ దేశపు విదేశాంగ మంత్రి త్రిగ్వె లీ ఐక్యరాజ్య సమితికి తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు. మార్చి 1న ఇళ్ళకు అప్పులిచ్చే ప్రభుత్వ బ్యాంకు హుస్‌బాంకెన్ మొదలైంది. బెర్గెన్‌లో విశ్వవిద్యాలయం ఏర్పడింది, మూ ఇ రానా అనే ఊళ్ళో ఉక్కు కర్మాగారం కట్టాలని పార్లమెంటు తీర్మానించింది, అక్టోబరులో పిల్లల భత్యం చట్టం వచ్చింది. ముప్ఫై ఏళ్ళు కళాశాలలో చరిత్ర బోధించిన నేను ఈ సంగతులన్నీ పిల్లలకు చెప్పినదాన్నే. అదే ఏడాది ఆ దేశపు ఉత్తరపు కొసన ఉన్న ఫిన్‌మార్క్‌లో వేలమంది పాకల్లోనూ, సైనికులు వదిలిపోయిన రేకుల షెడ్లలోనూ, బోర్లించిన పడవల కిందా కాపురాలు చేశారని మాత్రం ట్రాన్‌హైమ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి చెప్పేవరకు నాకు తెలియదు. తెలిశాక అక్కడికి వెళ్ళకుండా ఉండలేకపోయాను. 2024 జులైలో తల్లీకూతుళ్ళం ఏడు రోజులు తిరిగి వచ్చాం. మరపు రాకముందే రాసి పెట్టుకుంటున్నాను.

జులై 8, ఆల్టా నుంచి హామర్‌ఫెస్ట్‌కు

ఆల్టా నుంచి హామర్‌ఫెస్ట్ సుమారు 140 కిలోమీటర్లు. దారిలో చెట్లు పొట్టివై, పొదలై, చివరికి నాచుతో కప్పిన రాతి మైదానమే మిగిలింది. పెట్రోలు లీటరు 22 క్రోనర్లకు పైగా పలికింది, అంటే మన లెక్కలో 175 రూపాయల పైమాటే. రేణ్డీర్ జింకలు రోడ్డు మధ్యన పడుకుని ఉంటాయి. హారన్ కొట్టడం ఇక్కడ మర్యాద కాదని అమ్మాయి చెప్పింది. ముందు ఆగిన లారీ డ్రైవరు కూడా ఇంజను ఆపి, అవి లేచి వెళ్ళేదాకా ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని తాగుతూ కూర్చున్నాడు.

కిటికీలోంచి చూస్తున్నకొద్దీ ఒక విషయం గమనించాను. సముద్రపు పాయల ఒడ్డున కనిపించే ఇళ్ళన్నీ దాదాపు ఒకే పోలికలో ఉన్నాయి. ఒకటిన్నర అంతస్తు, ఏటవాలు కప్పు, చెక్క గోడలు, మధ్యలో పొగగొట్టం. రంగులే వేరు. పాతకాలపు పెద్ద లోగిలి గానీ, వంగిపోయిన ముసలి గోడ గానీ ఎక్కడా కనబడదు. ఇన్ని వందల ఏళ్ళుగా మనుషులు బతికిన చోట పాత ఇల్లే లేకపోవడం నన్ను కలవరపెట్టింది.

కారణం మనసులో ఉన్నదే. 1944 అక్టోబరులో సోవియట్ సేనలు తూర్పు నుంచి ముందుకు వస్తుంటే, వెనక్కు తగ్గుతున్న జర్మన్ సైన్యానికి హిట్లర్ అక్టోబరు 28న ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం లింగెన్ ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయకు తూర్పున ఉన్న జనాన్నంతా బలవంతంగా తరలించి, ఊళ్ళను తగలబెట్టాలి. సుమారు 50,000 మందిని పడవల మీద దక్షిణానికి పంపారు. సుమారు 11,000 ఇళ్ళు, 100కు పైగా బడులు, 27 చర్చిలు కాలిపోయాయి. పశువుల కొట్టాలు, పడవల రేవులు, కరెంటు స్తంభాలు కూడా వదలలేదు. ఆ ఆజ్ఞను అమలు చేసిన జర్మన్ సేనాధిపతి రెండులిక్ మీద యుద్ధం తరవాత న్యూరెంబర్గ్‌లో విచారణ జరిగినప్పుడు, సైనిక అవసరమని అతడు నిజంగానే నమ్మాడంటూ ఈ ఒక్క అభియోగం నుంచి న్యాయస్థానం విడిచిపెట్టింది. తరగతి గదిలో ఈ తీర్పును న్యాయసూత్రంగా చెప్పడం సులువు. ఆ రోడ్డు మీద కూర్చుని దాన్ని సమర్థించడం నావల్ల కాలేదు.

జులై 9, హామర్‌ఫెస్ట్

రాత్రి పన్నెండు గంటలకు కూడా సూర్యుడు సముద్రం మీద నిలబడే ఉన్నాడు. కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకున్నాం.

పొద్దున్నే ముందుగా శ్మశానం దగ్గరి ప్రార్థనా మందిరానికి వెళ్ళాం. 1937లో కట్టిన ఈ చిన్న మందిరం ఒక్కటే 1945 ఫిబ్రవరి నాటికి ఊరు మొత్తంలో మిగిలింది. 1789 నుంచి పట్టణ హోదా ఉన్న ఊళ్ళో, 1891లోనే వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగిన ఊళ్ళో, చనిపోయినవారిని సాగనంపే గది తప్ప బతికినవారికి గది లేకుండా పోయింది. రోడ్డుకు అవతల 1961లో కట్టిన కొత్త చర్చి ఉంది. చేపలు ఎండబెట్టే కొయ్య పందిరి ఆకారంలో త్రికోణంగా పైకి లేచి ఉంటుంది. ఆ పందిళ్ళను ఇక్కడ యెల్ అంటారు. ఊరిని బతికించిన పనిముట్టునే గుడిగా మలిచారు.

పునర్నిర్మాణ మ్యూజియంలో మూడు గంటలు గడిపాం. ప్రజలు తలదాచుకున్న గుహల గురించి, బారకాసుల గురించి, మట్టి గడ్డలు పేర్చి కట్టిన గామ్మె అనే గుడిసెల గురించి, చివరికి యాభైల నాటి కొత్త వంటింటి గురించి వరసగా చెబుతుంది. అక్కడ ఒక పెద్దాయన పరిచయమయ్యారు. వయసు 86. మనవరాలిని చూపించడానికి తీసుకొచ్చారట. నేను మన దేశం నుంచి దీనికోసమే వచ్చానని అమ్మాయి చెప్పగానే ఆయన చాలాసేపు నా ముఖంలోకి చూసి, ఫలహారశాలలో కూర్చోబెట్టి వాఫుల్ తెప్పించారు. పల్చటి తీపి రొట్టె మీద గోధుమరంగు చీజు, ఎర్రటి పండ్ల జాము. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

1946లో ఆయనకు ఎనిమిదేళ్ళు. ఆ ఏడాదంతా తన పని మేకులు సాపు చేయడమని చెప్పారు. కాలిన ఇళ్ళ బూడిదను జల్లెడ పట్టి మేకులు ఏరడం, రాతి మీద పెట్టి సుత్తితో నిటారు చేయడం, పొడవును బట్టి డబ్బాల్లో వేయడం. కొత్త మేకులు దొరికేవి కావు. కాలిన మేకులో పదును చచ్చిపోతుందట. గట్టి కొయ్యలో దిగక వంగిపోతుందట. అందుకని వాళ్ళ నాన్న ముందు సన్నటి బెజ్జం చేసి ఆ తరవాత దిగగొట్టేవాడట. “ఒక గోడకు ఎన్ని మేకులు పట్టాయో ఇప్పటికీ లెక్క చెప్పగలను” అన్నారు. చెప్పారు కూడా. ఆ సంఖ్యను నేను రాసుకోలేదు, ఆయన చేతులే చూస్తూ ఉండిపోయాను.

ఆ కుటుంబం అనుమతి లేకుండా తిరిగి వచ్చింది. మందుపాతరలున్నాయనీ, గూడు లేదనీ, చలికాలం తట్టుకోలేరనీ ప్రభుత్వం 1945లో తిరుగు ప్రయాణాన్ని కట్టడి చేసింది. అవసరమైన పనివాళ్ళే ముందు వెళ్ళాలని చెప్పింది. జనం వినలేదు. చేపల పడవలెక్కి వేలల్లో వచ్చేశారు. ప్రభుత్వం చెప్పిందీ అబద్ధం కాదు, మందుపాతరలు నిజంగానే ప్రాణాలు తీశాయి. “మరి మీ అమ్మానాన్న ఎందుకు వచ్చారు?” అని అడిగాను. చేప వచ్చే కాలానికి మనిషి ఒడ్డున ఉండాలి కదా అన్నట్టుగా భుజాలు ఎగరేశారు.

అది చూసినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. 1977 నవంబరు 19 ఉప్పెన తరవాత దివిసీమలో ఆమెకు ప్రభుత్వం వేరే చోట ఇల్లు చూపించింది. ఆమె మాత్రం కొట్టుకుపోయిన తన ఇంటి దిబ్బ మీదే తాటాకు పాక వేసుకుంది. ఆమెది మూర్ఖత్వమని పద్నాలుగేళ్ళ వయసులో నేను అన్నాను.

మధ్యాహ్నం రేవు దగ్గర చేపల పులుసులాంటి సూపు తాగాం. వెన్న, పాలు, కాడ్ చేప ముక్కలు, క్యారెట్టు. కారం అనేది లేకున్నా ఆకలి మీద అమృతంలా ఉంది. ఒక గిన్నె 229 క్రోనర్లు. రొట్టె ఎంత కావాలన్నా వేస్తారు. తిన్నాక బల్ల దగ్గరి నుంచి లేస్తూ “తక్ ఫోర్ మాటెన్”, అంటే భోజనానికి ధన్యవాదాలు, అని చెప్పడం ఇక్కడి ఆచారం. హోటల్లో డబ్బిచ్చి తిన్నా నేను ప్రతిచోటా చెప్పాను, ప్రతిచోటా వడ్డించినవాళ్ళ ముఖం విప్పారింది.

జులై 10, దారి తప్పి కీస్ట్రాండ్‌కు

హోనింగ్స్‌వోగ్‌కు వెళ్ళాలంటే ఓల్డర్‌ఫ్యోర్డ్ దగ్గర ఎడమకు, ఉత్తరానికి తిరగాలి. మాటల్లో పడి మేం ఈ6 రహదారి మీదే దక్షిణానికి పోయాం. ఊరి పేర్లు నార్వేజియన్, అక్కడి ఆదివాసుల భాష సామీ, ఫిన్లాండ్ నుంచి వలస వచ్చినవారి భాష క్వెన్ అని మూడు భాషల్లో రాసి ఉన్న పలకలు చూసి ముచ్చటపడుతూ చాలా దూరం వచ్చాకగానీ తప్పు తెలియలేదు. కారు తిప్పుకోవడానికి ఆగిన చోట ఒడ్డున తెల్లటి చెక్క చర్చి కనబడింది. అది కీస్ట్రాండ్. చర్చి 1856 నాటిది. కాల్చివేత నుంచి బయటపడిన కొద్దింటిలో ఒకటి.

తాళం వేసి ఉంది. పక్కన గడ్డి కోస్తున్న సామీ మహిళ మమ్మల్ని చూసి యంత్రం ఆపి వచ్చింది. లోపల చూపించడానికి తాళం తన దగ్గర లేదని నొచ్చుకుని, దానికి బదులుగా అన్నట్టు ఒడ్డున ఒక చోటికి తీసుకెళ్ళింది. గడ్డిలో చదరంగా పేర్చిన రాళ్ళు. తన తాతగారి ఇంటి పునాది. ఆ పక్కన పది అడుగుల దూరంలో గుండ్రటి గుంట, అది గామ్మె వేసుకున్న చోటు. యుద్ధం తరవాత ఆ మట్టి గుడిసెలో ఏడుగురు ఉన్నారట. కొత్త ఇల్లు పాత పునాది మీద ఎందుకు కట్టలేదని అడిగాను. నమూనా ఇంటి కొలతలు వేరు, పాత రాళ్ళ కొలతలు వేరు అంది. అప్పటి వాస్తుశిల్పులు నమూనా పటాలు గీసి ఇచ్చారు. అప్పు కావాలంటే ఇల్లు ఆ కొలతలకు సరిపోవాలి. సామీ ఇళ్ళలో నిప్పు చుట్టూ అందరూ ఒకేచోట ఉండే పద్ధతి గీసిన గదుల్లో ఇమడలేదని, తాత చచ్చేదాకా వంటింట్లోనే పడుకున్నాడని చెప్పింది. ఫిర్యాదు చేస్తున్న గొంతు కాదది. అయినా నాకు బాధేసింది. తెగల వస్తువులు, బట్టలు, పనిముట్లు ఇళ్ళతోపాటే కాలిపోయాక, మళ్ళీ కట్టింది ఒకే భాష మాట్లాడే వంటింటిని.

ఆ తప్పుదారికి మాకు గంటన్నర, మూడు లీటర్ల పెట్రోలు ఖర్చు. ఈ ప్రయాణంలో ఇంతకంటే విలువైన గంటన్నర మరొకటి లేదు.

జులై 11, హోనింగ్స్‌వోగ్

సముద్రం కింద దాదాపు ఏడు కిలోమీటర్ల సొరంగం దాటితే మాగెరోయా దీవి. అందరూ ఉత్తర కొమ్ము, అంటే నార్త్ కేప్, చూడటానికి పరుగెడతారు. మేమూ వెళ్ళాం, మంచు పొగలో ఏమీ కనిపించలేదు, తిరిగి వచ్చాం.

ఊళ్ళో 1885 నాటి చర్చి దగ్గర కూర్చున్న సమయమే నాకు ముఖ్యం. యుద్ధానంతరం హోనింగ్స్‌వోగ్‌లో నిలిచి ఉన్న కట్టడం ఇదొక్కటే. 1945లో తిరిగి వచ్చిన తొలి మనుషులు ఇందులోనే పడుకున్నారు, ఇందులోనే రొట్టెల బట్టీ పెట్టుకున్నారు. లోపల చాలా చిన్నది. వరసల మధ్య మంచాలు, తడి బట్టలు, ఏడ్చే పసిపిల్లలు, పొద్దున్నే పిండి వాసన, ఆదివారం ప్రార్థన, ఇవన్నీ ఈ నాలుగు గోడల మధ్య ఎలా ఇమిడాయో ఊహించడానికి ప్రయత్నించాను. దేవుడి ఇంటిని అంతకంటే గౌరవంగా వాడుకోవడం సాధ్యం కాదని నా నమ్మకం.

ఇక్కడ ఒక బస గృహం యజమానురాలు, డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, రాత్రి భోజనానికి బొక్నాఫిస్క్ పెట్టింది. సగం ఎండబెట్టిన కాడ్ చేప, దాని మీద వేయించిన పంది మాంసపు ముక్కలు, పక్కన క్యారెట్టు ముద్ద, ఉడకబెట్టిన బంగాళాదుంపలు. మన ఎండుచేప అంత ఘాటు లేదు, పచ్చిచేప అంత మెత్తదనం లేదు. నమిలేకొద్దీ రుచి వస్తుంది. పడక, భోజనం కలిపి ఇద్దరికీ 1,900 క్రోనర్లు. గుమ్మం దగ్గరే చెప్పులు విడవడం మన ఇంటి అలవాటే కాబట్టి, చెప్పకుండానే విడిచామని ఆమె సంతోషించింది.

ఆమె పుట్టింది 1950లో, కొత్త ఇంట్లో. వాళ్ళమ్మ నోట 1946 అంటే రెండు మాటలేనట, హుస్‌బాంకెన్, బార్నెట్రిగ్డ్ (పిల్లల భత్యం). రెండున్నర శాతం వడ్డీకి బ్యాంకు ఇంటి అప్పు ఇచ్చింది. యుద్ధ నష్టాల బీమా నుంచి కొంత సొమ్ము వచ్చింది. పిల్లల భత్యం రెండో బిడ్డ నుంచి బిడ్డకు ఏడాదికి 180 క్రోనర్లు, అదీ తల్లి చేతికి. “మా అమ్మ పేరు మీద వచ్చిన మొదటి డబ్బు అది” అని రెండుసార్లు చెప్పింది. ఆ డబ్బుతో మొదట కొన్నది పొయ్యి పక్కన పెట్టే నీళ్ళ తొట్టి. నేను రాజధానిలో చేసిన చట్టంగానే చెబుతూ వచ్చిన 1946 ఈ వంటింట్లోకి నీళ్ళ తొట్టి రూపంలో వచ్చి చేరింది. రెండు 1946లు వేరువేరని అనుకుంటూ బయలుదేరిన నేను ఆ పూట ఆ ఆలోచనను సరిదిద్దుకున్నాను. అనుమతి లేకుండా వచ్చినవాళ్ళ మొండితనం లేకపోతే ఈ ఊళ్ళు ఉన్నచోట ఉండేవి కావు. చెదురుమదురు పల్లెలను మూసి జనాన్ని కొన్ని పెద్ద ఊళ్ళలో చేర్చాలన్న ఆలోచన అప్పటి ప్రణాళికల్లో ఉండేది. కానీ ఆ చవక వడ్డీ లేకపోతే ఆ మొండితనం పాకలోనే ముసలిదైపోయేది.

ఇళ్ళు ఎవరికి వారే కట్టుకోలేదని కూడా చెప్పింది. దుగ్నాద్ అంటే ఊరంతా కలిసి కూలి లేకుండా ఒకరి పని చేసిపెట్టడం. గోడ లేపే రోజున ఆ ఇంటివాళ్ళు కాఫీ, ఏదైనా తినడానికి పెట్టాలి. కాఫీ రేషను కాలం అది. బార్లీ వేయించి కలిపేవారట.

జులై 12, 13, ఓడ, కిర్కెనెస్

హోనింగ్స్‌వోగ్ నుంచి తీరం వెంట ఓడలో ఒక పగలు, ఒక తెల్లటి రాత్రి. బెర్లెవోగ్, బోట్స్‌ఫ్యోర్డ్, వార్దో, వాద్సో. ఆగిన ప్రతి రేవులోనూ అవే ఇళ్ళు, అవే ఏటవాలు కప్పులు. ఒక ముసలాయన డెక్కు మీద నా పక్కన గంటసేపు నిలబడి ఒక్క మాటా మాట్లాడలేదు. దిగిపోయేముందు తల ఊపి, “మంచి ప్రయాణం” అన్నాడు. మౌనంగా పక్కన నిలబడటం కూడా ఇక్కడ పలకరింపేనని అమ్మాయి చెప్పింది.

కిర్కెనెస్ మీద యుద్ధంలో 300కు పైగా వైమానిక దాడులు జరిగాయి. ఆండర్స్‌గ్రోట్టా అనే రాతి సొరంగంలోకి దిగితే జులైలో కూడా ఒళ్ళు గడ్డకట్టింది. ఊరికి దక్షిణాన బ్యోర్నెవాట్న్ గనిలో, 1944 శరత్కాలంలో తరలింపుకు ఒప్పుకోని వేలాదిమంది దాక్కున్నారు. అక్కడే పదిమంది పిల్లలు పుట్టారు. అక్టోబరు 25న సోవియట్ సేన కిర్కెనెస్‌ను విడిపించింది. 1945 సెప్టెంబరులో తమ దారిన వెనక్కు వెళ్ళిపోయింది. గుట్ట మీద సోవియట్ సైనికుడి విగ్రహం ఉంది. వీధుల పేర్లు రష్యన్ లిపిలో కూడా ఉన్నాయి. సరిహద్దు పదిహేను కిలోమీటర్ల దూరం కూడా లేదు. ఇవాళ ఆ విగ్రహం ముందు నిలబడితే కృతజ్ఞతా, భయమూ ఒకేసారి మనసులోకి వస్తాయని కాఫీ దుకాణంలో ఒక ఉపాధ్యాయురాలు అంది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది. నేను మరేమీ అడగలేదు.

జులై 14, బూగోయ్‌నెస్

చివరి రోజు, కిర్కెనెస్ నుంచి వంద కిలోమీటర్ల దూరంలో కాలకుండా మిగిలిన పల్లెకు వెళ్ళాం. వారం రోజులుగా ఒకే పోలిక ఇళ్ళకు అలవాటుపడిన కళ్ళకు బూగోయ్‌నెస్ కొత్త దేశంలా తోచింది. ఇళ్ళ ఎత్తులు వేరు, కిటికీలు వేరు, ఒక గోడ కొంచెం పక్కకు ఒరిగి ఉంది. ఫిన్లాండ్ నుంచి వలస వచ్చిన క్వెన్ ప్రజల పల్లె ఇది. ముసలివాళ్ళు ఇప్పటికీ ఆ భాష మాట్లాడుకుంటున్నారు.

యుద్ధం తాకని ఈ పల్లెను కాలం తాకింది. చేపల వ్యాపారం దెబ్బతిని, 1989లో ఊరివాళ్ళు దేశవ్యాప్త పత్రికలో ప్రకటన వేయించారు. మా ఊరు మొత్తాన్ని ఎక్కడైనా తీసుకుంటారా అని. వాళ్ళు కదలకుండానే దారి దొరికింది. 1960లలో సోవియట్ శాస్త్రవేత్తలు బారెంట్స్ సముద్రంలో వదిలిన కమ్చట్కా పీతలు పెరిగి పెరిగి ఇక్కడిదాకా వచ్చాయి. ఆ పీత కాళ్ళే మేం మధ్యాహ్నం తిన్నాం. ఒక్కో కాలు నా మోచేతి పొడవు, ఉడకబెట్టి వెన్న, నిమ్మకాయతో ఇస్తారు. ఇద్దరికీ కలిపి 1,100 క్రోనర్లు దాటింది. మాంసం తియ్యగా ఉంది. మా గోదావరి పీతల ఇగురును తలచుకున్నా, ఇందులో మసాలా వేసి ఉంటే పాడయ్యేదని ఒప్పుకున్నాను.

వడ్డించిన మహిళ మా ప్రయాణం సంగతి విని, సాయంత్రం తన ఇంటికి రమ్మంది. ముత్తాత కట్టిన ఇల్లు. రెండు గదులు, ఒక అటక. యుద్ధం ముగిశాక చుట్టుపక్కల కాలిపోయిన ఊళ్ళవాళ్ళు ఇక్కడికి వచ్చి తలదాచుకున్నారని, 1946లో ఈ ఇంట్లో నాలుగు కుటుంబాలు ఉండేవని వాళ్ళ నాయనమ్మ చెప్పేదట. పొయ్యి ఒక్కటే. వంటకు వంతులు. అటక మీద పడుకున్న పిల్లలు రాత్రి దిగి వస్తే కింద పడుకున్నవాళ్ళను తొక్కుకుంటూ రావాల్సిందే.

ఆమె గుమ్మం దగ్గర కూర్చుని గడప మీద చెయ్యి పెట్టి చూపించింది. కొయ్య గడప నడిమధ్యన అరచేతి మందాన అరిగిపోయి గిన్నెలా పల్లమైంది. మార్చమని అందరూ అంటారట, మార్చలేదట. నేను కూడా వంగి తాకాను. వారం రోజుల్లో చూసిన వందల ఇళ్ళలో ఎక్కడా ఇంత అరిగిన గడప లేదు. అరగడానికి వాటికి ఇంకా అన్ని ఏళ్ళు నిండలేదు.

సెలవు తీసుకుని బయటికి వస్తూ, అలవాటు కొద్దీ గడపను తొక్కకుండా దాటాను. ఆమె గమనించి ఎందుకని అడిగింది. మా ఇళ్ళలో గడపకు పసుపు రాసి బొట్టు పెడతామని, కాలు పెట్టమని అమ్మాయి చెప్పింది. ఆమె కాసేపు గడపను చూసింది. తరవాత తను కూడా కాలెత్తి, తొక్కకుండా దాటి, మాతో కారు దాకా వచ్చింది.